డీజిల్‌లో నీళ్లు, రైతు నెత్తిన బిల్లు

కాలువలకు నీళ్లు వదిలాక డెల్టా రైతుకు చేతిలో ఉండే రోజులు ఎన్నో మీకు చెప్పనక్కర్లేదు. వంతు నీళ్లు వచ్చిన రెండు మూడు రోజుల్లో దమ్ము అయిపోవాలి. నారు చూస్తే ఎదిగి కూర్చుంటుంది, కూలీలు ఇవాళ దొరికితే రేపు దొరకరు. సరిగ్గా అప్పుడే మడి మధ్యలో ట్రాక్టరు గుక్కపట్టినట్టు రెండుసార్లు దగ్గి ఆగిపోతుంది. సెల్ఫ్ కొడితే తిరుగుతుంది, ఇంజను మాత్రం అందుకోదు. మెకానిక్కుకు ఫోన్ చేస్తే అప్పటికే నాలుగు ఊళ్లలో నాలుగు బళ్లు ఆయన కోసం చూస్తుంటాయి. ఆయన వచ్చేసరికి వంతు దాటిపోతుంది. నారు నాలుగు రోజులు ముదిరితే పిలకలు తగ్గుతాయి. ఆ తగ్గిన బస్తాలు ఏ అధికారి లెక్కల్లోకీ రావు, ఏ బీమా కిందికీ రావు. ట్రాక్టరు సొంతదారుకు కిరాయి పోతుంది, పొలం కౌలుదారుకు పంట పోతుంది.

ఇలా ఆగిన బళ్ల గురించి మా మండల కమిటీలో మేము చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఇంజను పగిలిపోయి ఆగినవి బహు తక్కువ. మాకు తెలిసినంతవరకు ఎక్కువ బళ్లు డీజిల్ దారిలోనే ఆగాయి. ట్యాంకులో నీళ్లు, గొట్టంలో గాలి, ఫిల్టర్లో మడ్డి, అవన్నీ దాటిపోతే పంపో నాజిలో. కారణం ఏదైనా డీలరు దగ్గరికి వెళితే ఒకటే మాట: ‘మీరు శుభ్రంగా ఉంచుకోలేదు.’ బంకుకు వెళితే ‘మా డీజిల్‌కేం, బంగారంలా ఉంది’ అంటారు. చివరికి బిల్లు కట్టేది రైతే.

ఈ మాటలో సగం నిజం ఉంది, సగం అన్యాయం ఉంది. మన చేతిలో ఉన్న పని మనం చెయ్యాలి, దానికి పెద్ద ఖర్చు కాదు. మన చేతిలో లేని దానికి మనం బిల్లు కట్టకూడదు. ఏది మనది, ఏది కాదు అని తేల్చాలంటే డీజిల్ ట్యాంకులో పడ్డ దగ్గర్నుంచి నాజిల్ చివర మండేదాకా ఏ దారిన పోతుందో ట్రాక్టరున్న ప్రతి ఇంట్లో ఒక్కరికైనా తెలిసి ఉండాలి. తెలియనివాడి మీదే తప్పు నెట్టడం అందరికీ సులువు.

దారి చిన్నదే. ట్యాంకు నుంచి డీజిల్ కింద ఉన్న గాజు బౌల్లోకి దిగుతుంది. అక్కడ్నుంచి ఫీడ్ పంపు లాగి ఫిల్టర్లకు పంపుతుంది. కొన్ని బళ్లకు ఒక ఫిల్టరు, చాలా బళ్లకు రెండు. ఫిల్టర్లు దాటి అసలు పంపుకు చేరుతుంది. మనలో చాలామంది ఏ కంపెనీ పంపునైనా మైకో పంపనే అంటాం. 1951లో బెంగళూరులో మొదలైన మైకో కంపెనీ పేరు అలా పంపుకే పేరైపోయింది. ఆ పంపు డీజిల్‌ను గట్టిగా తొక్కి, ఉక్కు పైపుల్లోంచి నాజిళ్లకు నెడుతుంది. నాజిల్ దాన్ని పొగమంచులా చిమ్ముతుంది. మిగిలిన డీజిల్ రిటర్న్ పైపులోంచి వెనక్కి వచ్చేస్తుంది.

పంపులో ప్లంజరుకూ దాని బ్యారెల్‌కూ మధ్య ఉండే సందు రెండు మూడు మైక్రాన్లు. మన తలవెంట్రుక మందం సుమారు డెబ్బై మైక్రాన్లు ఉంటుంది. అంటే వెంట్రుకలో ఇరవయ్యో వంతు కూడా లేని సందులో ఆ ఉక్కు ముక్క నిమిషానికి వందలసార్లు పైకీ కిందికీ ఆడుతుంది. దానికి వేరే ఆయిలు లేదు, డీజిలే దానికి నూనె. కంటికి కనపడని ఇసుక రేణువు వెళ్లినా గీత పడుతుంది. నీటి చుక్క వెళితే ఆ చోట నూనె పొర తెగిపోతుంది, ఆ తర్వాత తుప్పు. ఒకసారి గీత పడ్డ ప్లంజరును బాగుచేయలేం, మార్చాల్సిందే.

అందుకే మొదటి శత్రువు నీళ్లు. ఇవి మూడు దారుల్లో వస్తాయి. వానలో మూత సరిగా బిగించకపోవడం, తడి డబ్బాతో పోయడం, మూడోది చాలామంది నమ్మనిది: రాత్రిపూట గాలిలోంచి. సాయంత్రం పని నుంచి వచ్చిన ట్రాక్టరు ట్యాంకు వేడిగా ఉంటుంది. సగం ఖాళీగా ఉంటే ఆ సగంలో గాలి ఉంటుంది. మన కోస్తా గాలిలో తేమకు కొదవ లేదు. తెల్లవారుజామున రేకు చల్లబడగానే ఆ తేమ లోపలి గోడల మీద చెమటలా పట్టి కిందికి జారుతుంది. డీజిల్ కన్నా నీళ్లు బరువు కాబట్టి అడుగున చేరతాయి. కొన్నాళ్లకు నీళ్లూ డీజిలూ కలిసే చోట సూక్ష్మజీవులు పెరుగుతాయి. ఫిల్టర్లో నల్లగా, జిగటగా, వాసనతో కనిపించే మడ్డిలో చాలాసార్లు అవే ఉంటాయి. పని లేని నెలల్లో షెడ్డులో పడుకున్న ట్రాక్టరుకు ఈ రోగం మరీ ఎక్కువ.

దీనికి మందు పైసా ఖర్చు లేనిది. సాయంత్రం బండి ఆపాక ట్యాంకు నింపి పెట్టండి, తెల్లారి కాదు. ఎలాగూ పొయ్యాల్సిన డీజిలే కదా. రాత్రంతా నిలకడగా ఉన్నాక నీళ్లూ మడ్డీ అడుక్కు దిగుతాయి. పొద్దున్నే ఇంజను తిప్పకముందే బౌల్ కింది మరను వదులు చేసి, ఒక సీసాలోకి కొంచెం డీజిల్ వదలండి. నీళ్లుంటే సీసా అడుగున ముత్యాల్లా విడిగా కనిపిస్తాయి. తేటగా వచ్చేదాకా వదిలి మర బిగించాలి. ఇంజను తిప్పాక ఈ పని చేస్తే ఫలితం సగమే. అప్పటికే కలిసిపోయి ఉంటాయి. ఆ వదిలిన డీజిల్ గట్టు మీద పారబోయొద్దు, కాలువలోకి అసలే వద్దు.

ఇక డబ్బా సంగతి. దమ్ము రోజుల్లో బంకు దగ్గర్నుంచి పొలానికి డీజిల్ మోసేది డబ్బాల్లోనే. ఒకప్పుడు పురుగుమందు ఉన్న డబ్బా, మంచినూనె డబ్బా, ఏది దొరికితే అది పట్టుకుపోయే ఇళ్లు ఇంకా ఉన్నాయి. డీజిల్‌కంటూ ఒక డబ్బా విడిగా ఉండాలి, దాని మీద పేరు రాసి ఉండాలి. డ్రమ్ములో నిలవ పెట్టుకునేవాళ్లు జింకు పూత రేకు డ్రమ్ము వాడొద్దు. జింకు డీజిల్‌తో కలిసి సబ్బులాంటి పదార్థం తయారై ఫిల్టరును మూసేస్తుంది. డ్రమ్మును కొంచెం వాలుగా పెట్టి, నింపిన తర్వాత ఒక రోజు కదపకుండా ఉంచి, అడుగు నుంచి నాలుగు వేళ్ల మందం వదిలి పై డీజిలే తీసుకోవాలి. పోసేటప్పుడు సన్నని ఇత్తడి జాలి ఉన్న గరాటు వాడాలి. పాత పంచె గుడ్డ అడ్డం పెట్టి వడపోసే అలవాటు మంచిది కాదు. ఆ గుడ్డ పోగులే ట్యాంకులోకి పోయి బౌల్ దగ్గర చుట్టుకుంటాయి. మూత తీసేముందు మూత చుట్టూ ఉన్న దుమ్ము తుడవడానికి మాత్రం ఆ గుడ్డ పనికొస్తుంది.

గాలి పట్టడం గురించి మెకానిక్కులు గొప్ప రహస్యంలా మాట్లాడతారు కానీ అందులో రహస్యం ఒకటే. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా డీజిల్‌ను లాగుతారు, ఫీడ్ పంపు తర్వాత నెడతారు. నెట్టేచోట కారితే బయటికి చుక్కలుగా కనపడుతుంది. లాగేచోట పైపు పగిలినా, బోల్టు కింది రాగి వాషరు అరిగినా బయటికి ఒక్క చుక్క రాదు. లోపలికి గాలి వెళుతుంది, అంతే. అందుకే ‘ఎక్కడా కారడం లేదు, ఎందుకు ఆగుతోందో తెలీదు’ అన్నప్పుడు ముందు చూడాల్సింది ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్య ఉన్న రబ్బరు పైపు, క్లిప్పులు, వాషర్లు. ఎండకు బీటలు పడ్డ రెండు అడుగుల పైపు వల్ల ఆగిన బండికి పంపు విప్పి బిల్లు వేసిన సంగతులు మాకు తెలుసు.

గాలి తీయడానికి ఫిల్టరు మీద గాలి మర వదులు చేసి, ఫీడ్ పంపు మీద ఉన్న చేతి పంపు కొట్టాలి. బుడగలు పోయి డీజిల్ తేటగా ధార వచ్చినప్పుడు, చేతి పంపు కొడుతూనే మర బిగించాలి. రెండో ఫిల్టరు దగ్గర, ఆ తర్వాత పంపు దగ్గర ఇదే పని. వరస తప్పకూడదు. ఇది పాత రకం పంపున్న బళ్ల మాట. కొత్త రకం బళ్లలో నాజిళ్లకు వెళ్లే ఉక్కు పైపుల జోలికి మనం పోకూడదు, ఎందుకో కింద చెబుతాం. ట్యాంకు పూర్తిగా ఎండేదాకా నడపడం కూడా ఒక రకంగా గాలిని మనమే పిలిచి కూర్చోబెట్టడం. అడుగున ఉన్న మడ్డి కూడా దానితోనే వస్తుంది.

ఫిల్టర్ల విషయంలో చెప్పాల్సింది రెండు ముక్కలు. ఎన్ని గంటలకు మార్చాలో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది, కానీ దమ్ములో వాడిన గంట, రోడ్డు మీద ట్రక్కు లాగిన గంట ఒకటి కాదు. సీజను ముందు ఒకసారి మార్చడమే మంచిది. కాగితం ఫిల్టరును కడిగి మళ్లీ పెట్టొద్దు. కడిగితే పైకి తెల్లబడుతుంది గానీ సన్నటి చిల్లులు పడి లోపలి మురికి నేరుగా పంపులోకి పోతుంది. ఫిల్టరు ధర వందల్లో ఉంటుంది, పంపు పని వేలల్లో ఉంటుంది. నకిలీ ఫిల్టర్లు పెట్టె మీద అచ్చు మారకుండా వస్తున్నాయి కాబట్టి బిల్లు లేకుండా కొనొద్దు.

నాజిల్ చెడితే పొగే చెబుతుంది. నల్లటి పొగ అంటే డీజిల్ సరిగా మండటం లేదు: నాజిల్ చిమ్మడం మాని కారుతున్నా కావచ్చు, ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయినా కావచ్చు. ముందు చవకైన ఎయిర్ ఫిల్టరు చూసి తర్వాత నాజిల్ మీదికి వెళ్లండి. తెల్లటి పొగ వేడెక్కాక కూడా పోకపోతే మండని డీజిలో నీళ్లో ఉన్నట్టు. నీలం పొగ ఇంజను ఆయిలు మండుతోందని. ఇంకొకటి ఎవరూ చూడనిది: ఆయిలు గేజీ పుల్ల తీసినప్పుడు మట్టం తగ్గడానికి బదులు పెరిగి ఉంటే సంతోషించొద్దు. డీజిల్ దిగి ఆయిల్లో కలుస్తోందన్నమాట. అలా పలచబడ్డ ఆయిలుతో రెండు రోజులు దమ్ము చేస్తే బేరింగులు పోతాయి. నాజిల్ ఒత్తిడి చెవితో విని సరిచేసేది కాదు, టెస్టరు మీద పెట్టి చూసేది. విజయవాడ ఆటోనగర్లోనూ ప్రతి పెద్ద పట్టణంలోనూ ఆ పరికరమున్న పంపు షాపులు ఉన్నాయి. సీజను తర్వాత తీరిగ్గా తీసుకెళ్లండి, సీజను మధ్యలో తీసుకెళితే వాళ్లు అడిగిందే రేటు.

పికప్పు పెంచుతామని పంపు సీలు తెంచి మర తిప్పే మేస్త్రీలు ఉన్నారు. వారం రోజులు బండి ఎగిరి పడుతుంది. ఆ తర్వాత ట్యాంకు ఎగిరిపోతుంది.

ప్రాణం మీదికి వచ్చే విషయం ఒకటుంది. పాత నాజిల్ సుమారు 200 బార్ ఒత్తిడి దగ్గర తెరుచుకుంటుంది. కొత్త కామన్ రైల్ బళ్లలో ఆ ఒత్తిడి వెయ్యి దాటి, కొన్నిట్లో 1,600 బార్ పైకీ పోతుంది. ఆ పైపులో సూది మొనంత చిల్లు పడినా బయటికి వచ్చే ధార చర్మాన్ని కోసుకుని కండలోకి డీజిల్‌ను ఎక్కిస్తుంది. పాత బళ్లలోనైనా నాజిల్ చిమ్మే ధారకు చెయ్యి అడ్డం పెట్టకూడదు. పైకి చిన్న చుక్కలా కనిపిస్తుంది, మొదట నొప్పి కూడా ఉండకపోవచ్చు. పసుపు పెట్టి ఊరుకుంటే చెయ్యి తీసేయాల్సి రావచ్చు. అలాంటిది జరిగితే ఆ గంటలోనే పెద్దాసుపత్రికి వెళ్లి ‘డీజిల్ ఒత్తిడితో లోపలికి వెళ్లింది’ అని డాక్టరుకు ఆ మాటే చెప్పాలి. కారుతోందేమోనని వేలితో తడిమి చూడటం మానండి, అట్టముక్క అడ్డం పెట్టి చూడండి.

ఇంతవరకు మన చేతిలో ఉన్నది చెప్పాం. ఇక రెండో సగం.

1900లో పారిస్ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజను వేరుశనగ నూనెతో నడిచిందని చరిత్ర. అనంతపురం రైతులకు ఇది చెబితే నవ్వుతారు, ఇవాళ ఆ నూనె కూరకే చాలడం లేదు. ఇంజను పుట్టినప్పుడు ఏది పోసినా తాగే మొండిది. మనకిప్పుడు అమ్ముతున్నది అలాంటిది కాదు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 డీజిల్ అమ్ముతున్నారు. అంతకుముందు పది లక్షల భాగాల్లో 50 భాగాల దాకా గంధకం ఉండనిచ్చేవారు, ఇప్పుడు 10 భాగాలకు మించకూడదు. మంచిదే. మన పిల్లల ఊపిరితిత్తులకు మంచిది. కానీ గంధకం తీసే క్రమంలో డీజిల్‌కు సహజంగా ఉన్న జిడ్డుగుణం కూడా తగ్గుతుంది, రిఫైనరీలో దానికి వేరే మందు కలుపుతారు. అలాంటి డీజిల్లో ఎవరైనా కిరసనాయిలో మరో ద్రావకమో కలిపితే పంపు మరింత త్వరగా అరుగుతుంది. రిఫైనరీలో పది లక్షల్లో పది దాకా శుద్ధి చేసిన సరుకు బంకు భూగర్భ ట్యాంకులోకి వచ్చేసరికి వాననీళ్లు కలిస్తే దానికి జవాబుదారీ ఎవరు?

మా మండలంలోనే ఒక బంకులో పెద్ద వానల తర్వాత పోయించుకున్న డీజిల్‌తో ఒకే వారంలో నాలుగు బళ్లు ఆగాయి. నాలుగిట్లోనూ ఫిల్టర్లలో నీళ్లే. బంకు దగ్గరికి పోతే ‘ఆధారం ఏది’ అన్నారు. నలుగురిలో బిల్లు ఉన్నది ఒక్కరి దగ్గరే. ఆ ఒక్కరి బిల్లు పట్టుకుని మేము గట్టిగా అడిగితే ఆ ఒక్కరి ఫిల్టరు డబ్బులు ఇచ్చారు, పంపు సంగతి మాట్లాడలేదు. మిగతా ముగ్గురికి ఏమీ రాలేదు. బిల్లు అడగడం నామోషీ అనుకునే మన అలవాటు వాళ్లకు ఎంత లాభమో అక్కడ చూశాం.

చట్టం మన వైపు ఏమీ లేకుండా లేదు. నిత్యావసర వస్తువుల చట్టం కింద 2005లో పెట్రోలు, డీజిల్ అమ్మకాల మీద ప్రత్యేక ఉత్తర్వు వచ్చింది. కల్తీ, కొలతల మోసం దాని కింద నేరాలు. ఏ వినియోగదారుడైనా బంకులో ఐదు లీటర్ల కొలపాత్రతో కొలిచి చూపమని అడగవచ్చు. ఐదు లీటర్లకు 25 మిల్లీలీటర్లకు మించి తేడా ఉండకూడదు. డీజిల్ సాంద్రత చూపమనీ అడగవచ్చు. హైడ్రోమీటరు, థర్మామీటరు, జాడీ బంకులో ఉండాలి. వేడిని బట్టి లెక్కగట్టిన సాంద్రత, ట్యాంకరు దిగినప్పుడు రిజిస్టరులో రాసుకున్న సాంద్రత కన్నా ఘనపు మీటరుకు మూడు కిలోల కంటే ఎక్కువ తేడా రాకూడదు. అయితే ఈ పరీక్ష కల్తీని పట్టిస్తుంది గానీ ట్యాంకు అడుగున విడిగా ఉన్న నీళ్లను ప్రతిసారీ పట్టించదు. దానికి బంకువాళ్ల దగ్గర కొలకర్రకు రాసే పేస్టు ఉంటుంది, నీళ్లు తగిలితే రంగు మారుతుంది. వానల తర్వాత ఆ కర్ర ముంచి చూపమనండి. అదీ కుదరకపోతే గాజు సీసాలో అర లీటరు పట్టించి అరగంట నిలవ పెట్టండి, ముద్దగా మబ్బుగా ఉన్నా, అడుగున పొర కట్టినా మీ ట్యాంకులో పొయ్యొద్దు.

‘ఇంత చిన్న విషయానికి గొడవెందుకు’ అనేవాళ్లకు ఒక మాట. 2005 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని లఖింపూర్ ఖేరీలో ఇండియన్ ఆయిల్ యువ అధికారి షణ్ముగం మంజునాథ్‌ను కాల్చి చంపారు. కల్తీ చేస్తున్న బంకు మీద చర్య తీసుకున్నందుకు. 2011 జనవరిలో మహారాష్ట్రలోని మన్మాడ్ దగ్గర అదనపు కలెక్టరు యశ్వంత్ సోనావణేను చమురు దొంగలు సజీవంగా తగలబెట్టారు. చమురు కల్తీ వెనక ఎంత డబ్బు తిరుగుతుందో ఆ రెండు ప్రాణాలు చెబుతాయి. ఆ డబ్బు వచ్చేది మన పంపుల్లోంచి, మన నాజిళ్లలోంచే.

రైతు వినియోగదారుడు కాదు, వ్యాపారం చేస్తాడు అని కంపెనీల వకీళ్లు వాదిస్తారు. ఆంధ్రప్రదేశ్ రైతులు వేసిన విత్తనాల కేసుల్లో 2012లోనే సుప్రీంకోర్టు ఈ వాదన చెల్లదని చెప్పింది, రైతు వినియోగదారుడే. ఐదు లక్షల లోపు విలువైన ఫిర్యాదుకు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు కూడా లేదు. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి నమోదు చేయించుకోవచ్చు. తూనికలు కొలతల శాఖ, పౌర సరఫరాల శాఖ అధికారులకు రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. నోటిమాటతో చెప్పి వచ్చిన ఫిర్యాదు ఆ గుమ్మం దాటేలోపే మాయమవుతుంది.

ఇది పన్ను కట్టని సరుకూ కాదు. 2020 మే నెలలో లీటరు డీజిల్ మీద కేంద్రం ఎక్సైజ్ సుంకమే 31 రూపాయలు దాటింది. తర్వాత 2021 నవంబరులో 10 రూపాయలు, 2022 మేలో 6 రూపాయలు తగ్గించారు. రాష్ట్రం వేసే పన్ను వేరే. ఇంత కట్టి కొన్న డీజిల్లో నీళ్లు లేకుండా ఇమ్మని అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

ఇప్పుడు కొత్త బళ్ల సంగతి. 50 హార్స్ పవర్ దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుంచి కొత్త కాలుష్య నిబంధనలు వచ్చాయి. దాంతో ఈ తరగతిలో చాలా కంపెనీలు కామన్ రైల్ పెట్టాయి. ఒక చిన్న కంప్యూటరు చూసుకుని నాజిళ్లను తెరిచి మూస్తుంది. నీళ్లు చేరితే డ్యాష్‌బోర్డు మీద దీపం వెలిగే ఏర్పాటు చాలా బళ్లలో ఉంది, దాన్ని అలక్ష్యం చేయకండి. పొగ తక్కువ, పని నునుపు. దీని మీద మాకు విరోధం లేదు. విరోధం ఎక్కడంటే, బండి ఆగితే కారణం ఏమిటో చెప్పే పరికరం డీలరు దగ్గరే ఉంటుంది. ఊరి మెకానిక్కు ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నా చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. సెన్సారు మార్చినా, నాజిల్ మార్చినా దాని నంబరు కంప్యూటరుకు చెప్పాలి, ఆ తాళం కంపెనీది. పాత పంపు విప్పితే ఏం పోయిందో మన కంటికి చూపించేవారు, ఇప్పుడు తెర మీద ఒక నంబరు చూపించి బిల్లు చేతిలో పెడుతున్నారు. వారంటీ ఉన్నా ‘డీజిల్లో నీళ్లు, వారంటీ వర్తించదు’ అనే మాట ఒకటి సిద్ధంగా ఉంటుంది. నీళ్లు ఎక్కడివి? బంకువా, మనవా? అది తేల్చే పని ఎవరూ చేయరు. అలా అన్నప్పుడు ఊరుకోకుండా ఆ మాట కాగితం మీద రాసి సంతకంతో ఇమ్మనండి, తీసిన ఫిల్టరు, అందులోని డీజిల్ నమూనా మనకిమ్మనండి. కాగితం అడిగేసరికి చాలామంది స్వరం మారుతుంది.

2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ‘రిపేరు హక్కు’ మీద ఒక కమిటీ వేసింది. మొదట తీసుకున్న రంగాల్లో వ్యవసాయ పరికరాలు కూడా ఉన్నాయి. ఆ డిసెంబరులో ఒక పోర్టలు కూడా తెరిచారు. పోర్టలు తెరవడం వేరు, తాళం తెరవడం వేరు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రం 2023లో రైతుల యంత్రాల రిపేరు హక్కుకు చట్టమే చేసింది, 2024 జనవరి 1 నుంచి అది అమల్లో ఉంది. విడిభాగాలు, పరికరాలు, సాఫ్ట్‌వేరు, రిపేరు పుస్తకాలు రైతుకూ బయటి మెకానిక్కుకూ అందుబాటులో పెట్టాలని ఆ చట్టం చెబుతుంది. వందల ఎకరాల ఆసామి అక్కడ తన ట్రాక్టరును తాను విప్పుకునే హక్కు కోసం పోరాడి గెలిస్తే, మూడెకరాల మీద అప్పు చేసి ట్రాక్టరు కొన్న మన రైతుకు ఆ హక్కు ఇంకెంత అవసరం?

మన సంఘం అడగాల్సినవి పెద్దవేమీ కావు. ఊరి మెకానిక్కులకు కూడా తప్పు వెతికే పరికరమూ పుస్తకమూ సరసమైన ధరకు దొరికేలా చట్టం కావాలి, పుస్తకం తెలుగులో ఉండాలి. ఖరీఫ్ ముందు, పెద్ద వానల తర్వాత బంకుల్లో రైతుల ఎదుట తనిఖీ జరగాలి, ఫలితం మండల కార్యాలయం గోడ మీద అంటించాలి. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షల సంస్థ ఉంది. దక్షిణాది రాష్ట్రాల రైతులకు అక్కడ శిక్షణ ఇస్తారు. కృష్ణా, గోదావరి రైతు అక్కడిదాకా వెళ్లి రావడం అందరికీ అయ్యే పని కాదు. ఆ శిక్షణను వేసవిలో మన మండలాలకు తెప్పించమని వ్యవసాయ శాఖను అడుగుదాం. ట్రాక్టరు డ్రైవర్లుగా పనిచేసే కుర్రాళ్లను ముందు కూర్చోబెట్టాలి, పొద్దున్నే బౌల్ విప్పేది వాళ్లే.

వచ్చే నెల మండల కమిటీ సమావేశానికి వచ్చేటప్పుడు గత రెండేళ్లలో డీజిల్ వల్ల బండి ఆగిన సభ్యులు తమ దగ్గరున్న బంకు బిల్లులు, డీలరు ఇచ్చిన రిపేరు బిల్లులు తీసుకురండి. తేదీ, ఎన్ని గంటలు ఆగింది, ఏం మార్చారు, ఎంత కట్టారు అనేవి ఒక కాగితం మీద రాసి తెస్తే చాలు. బిల్లులు లేనివాళ్లు కూడా రండి, వివరాలు రాయించండి. వాటన్నిటినీ కలిపి తూనికలు కొలతల శాఖకూ జాయింటు కలెక్టరుకూ ఒకే అర్జీగా ఇస్తాం. ఇవాళ్టి నుంచి డీజిల్ పోయించుకున్న ప్రతిసారీ బిల్లు అడగండి. బంకులో కొలపాత్ర అడగడానికి ఒక్కరే వెళ్లొద్దు, ముగ్గురు కలిసి వెళ్లండి.